మొదటిసారి విన్న గుండె

ఆ ఇంట్లో తెల్లారడమంటే అమ్మ గొంతు లేవడమే.

“ఇంకెంతసేపండీ ఆ రెండో బూటు తొడుక్కోవడం? పిల్లలు అప్పుడే గేట్ల దగ్గర నించుని ఉంటారు!”

నాన్న గుమ్మం పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. ఒక కాలికి బూటు ఎక్కింది, రెండోది ఇంకా చేతిలోనే ఉంది. వంగబోయి మధ్యలో ఆగిపోయి, తల గోడకి ఆనించి కళ్లు మూసుకున్నాడు. పైన ఫ్యాను తిరుగుతూనే ఉన్నా నుదుటి మీద సన్నగా చెమట పట్టింది.

అమ్మ గరిటె పట్టుకునే వంటగదిలోంచి వచ్చేసింది. “ఏమైందీ?”

“ఏమవుతుంది? బూటుని బతిమాలుతున్నా. ఎక్కనంటోంది.”

“వేళాకోళం చాల్లెండి. నిన్నా ఇలాగే కూర్చుండిపోయారు. మెట్లెక్కుతూ ఎన్నిసార్లు ఆగుతున్నారో నేను చూడట్లేదనుకున్నారా? నాకేం కళ్లు లేవా?”

“నీకు కళ్లున్నాయి, నాకు వయసుంది. ఏం చేద్దాం, రెండూ దాచుకుంటే దాగేవి కావు.”

అంతలో కూతురు తన గదిలోంచి హడావుడిగా బయటపడింది. భుజాన తెల్లకోటు, నోట్లో రొట్టెముక్క, సగమే వేసుకున్న జడ. పెద్దాసుపత్రిలో జూనియర్ డాక్టరు. చదువు అయిపోయి, పట్టా చేతికొచ్చే ముందు వార్డుల్లో చాకిరీ చేసే ఏడాది అది. రక్తం తీయడం, కట్లు కట్టడం, స్ట్రెచర్లు తోయడం, పెద్ద డాక్టర్ల చేత తిట్లు తినడం, అన్నీ ఆ ఏడాదిలోనే. ఇంటికి చేరేసరికి తన పేరు తనకే గుర్తుండేది కాదు.

“ఏమే బుజ్జీ, నువ్వైనా ఓసారి చూడవే మీ నాన్నని,” అంది అమ్మ.

“మొన్న ఆదివారం చూశాగా అమ్మా! గుండె ఫస్ట్‌క్లాసుగా ఉంది. ఎండలకి అలాగే అవుతుంది. నీళ్లు ఎక్కువ తాగు నాన్నా.”

“విన్నావా?” నాన్న గెలిచినవాడిలా అమ్మ వంక చూశాడు. “డాక్టరుగారు చెప్పేశాక ఇక అప్పీలు లేదు.”

“వేరే ఎవరికైనా ఓసారి చూపించుకుంటే మీ సొమ్మేం పోతుందండీ?”

“ఇంట్లో డాక్టర్ని పెట్టుకుని ఊళ్లో డాక్టర్ల చుట్టూ తిరగమంటావా? నలుగురూ నవ్విపోతారు.”

తండ్రీకూతుళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నారు. అమ్మ నవ్వలేదు. ఏదో గొణుక్కుంటూ వంటగదిలోకి వెళ్లిపోయింది. ఆ ఇద్దరూ ఒక్కటైతే ఇంట్లో ఆవిడ మాట చెవిన పెట్టే నాథుడు లేడు.

ఆ ఆదివారం పరీక్ష సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. కాలేజీలో చేరిన కొత్తలో, కొత్త స్టెతస్కోపు మెడలో వేసుకుని ఇంటికొచ్చిన రోజున ఆ పిల్లకి వినడానికి అర్జంటుగా ఒక గుండె కావాల్సొచ్చింది. అమ్మ “నాకు గిలిగింతలు, పోవే” అని తప్పించుకుంది. నాన్న మాత్రం చొక్కా గుండీలు విప్పుకుని కుర్చీలో దర్జాగా కూర్చున్నాడు. ఆ పిల్ల జీవితంలో మొదటిసారి విన్న గుండె అది. ఒక చప్పుడు, మధ్యలో బరబరమని గోరుతో గీకినట్టు ఒక గీర, మళ్లీ ఒక చప్పుడు. గుండె కొట్టుకోవడం అంటే ఇదే కాబోలనుకుంది. “ఎలా ఉంది నా ఇంజను?” అని నాన్న అడిగితే “సూపర్ నాన్నా” అంది.

అప్పట్నించీ ప్రతి ఆదివారం అదే తంతు. తర్వాత వార్డుల్లో ఎన్నో గుండెలు విన్నది, మంచివీ విన్నది, చెడ్డవీ విన్నది. నాన్న గుండె మాత్రం ఆ లెక్కలోకి రాలేదు. అది నాన్న దగ్గులాగా, మెట్ల మీద నాన్న అడుగుల్లాగా, ఇంట్లో ఎప్పుడూ ఉండే శబ్దం. దాంట్లో తప్పు వెతకాలని ఎవరికి తోస్తుంది? స్టెత్ ఛాతీ మీద పెట్టి, వారంలో జరిగిన కబుర్లన్నీ చెబుతూ, చివర్లో “సూపర్” అనేసేది. ఆ గీర ఏటికేడాది కొంచెం కొంచెంగా గరుకెక్కుతోందని ఆమె కనిపెట్టలేదు. వారం వారం వినేవాళ్లకి అంత చిన్న తేడా తెలియదు.

నాన్న స్కూలు బస్సు నడుపుతాడు. బస్సు పిల్లలందరికీ ఆయన డ్రైవర్ తాత. చెవి మీద ఆయనకి మహా గురి. పొద్దున్నే ఇంజను స్టార్టు చేసి, కాసేపు కదలకుండా కూర్చుని వింటాడు. ఎక్కడో చిన్న గరగర వినిపించినా సరే, ఎవరు మొత్తుకున్నా ఆ బండిని షెడ్డు దాటనివ్వడు. ఈమధ్య షెడ్డు సూపర్‌వైజరు పెద్ద వయసు డ్రైవర్లందర్నీ గుండె పరీక్షకి పంపిస్తే మాత్రం ఆయన వెళ్లలేదు. “మా అమ్మాయి వారం వారం చూస్తుందయ్యా” అని ఛాతీ విరుచుకుని చెప్పి వచ్చాడు. ఇంట్లో ఆ మాట వస్తే కూతురు కూడా “క్యూలో ఎందుకు నాన్నా నిలబడ్డం, నేనున్నాగా” అంది. ఎంత సులువుగా అనేసిందో ఆ మాట!

ఆ పొద్దున వార్డులో రౌండు మొదలైంది. పెద్దసారు ముందు, ఆయన వెనకాల జూనియర్లంతా గుంపుగా. కిటికీ పక్క మంచం మీద ఒక తాపీమేస్త్రి ఉన్నాడు. ఇటుకలు మోస్తూ కళ్లు తిరిగి పడిపోతే తీసుకొచ్చారు. మోచేతికి కట్టు, మొహంలో సిగ్గు. పనిలో పడిపోవడం ఆయనకి నామోషీగా ఉన్నట్టుంది.

“ఈ పేషెంటుని ఎవరు చూశారు?”

“నేను సార్,” అంటూ కూతురు ముందుకొచ్చింది.

“గుండె?”

“నార్మల్ సార్.”

పెద్దసారు తన స్టెత్ తీసి మేస్త్రి ఛాతీ మీద ఒకచోట పెట్టి విన్నాడు. ఇంకోచోట విన్నాడు. తర్వాత మెడ మీద పెట్టి చాలాసేపు విన్నాడు. “ఇంకోసారి విను,” అన్నాడు.

ఆమె విన్నది. ఒక చప్పుడు, బరబరమని ఒక గీర, మళ్లీ ఒక చప్పుడు. ఎంత అలవాటైన శబ్దమంటే, ఒక్క క్షణం ఆదివారం పూట ఇంట్లో నాన్న కుర్చీ పక్కన నించున్నట్టే అనిపించింది. ప్రాణానికి హాయిగా కూడా అనిపించింది.

“ఏం వినిపించింది?”

“నార్మల్‌గానే ఉంది సార్.”

వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు. పెద్దసారు కళ్లద్దాలు తీశాడు. “గుండె కాదది, రంపంతో కోస్తున్నట్టుంది. నీకు నార్మల్‌గా ఉందా?”

“అంటే... మా నాన్నగారిది కూడా అచ్చం ఇలాగే ఉంటుంది సార్.”

అనేసింది. అన్నాక గానీ తానన్నదేమిటో తన బుర్రకెక్కలేదు. వెనక నవ్వులు టక్కున ఆగిపోయాయి.

పెద్దసారు కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. స్టెత్ మడిచి జేబులో పెట్టుకుని, చాలా నెమ్మదిగా అడిగాడు. “ఆయనకి ఆయాసం వస్తుందా?”

“మెట్ల మీద ఆగుతారు సార్.”

“కళ్లు తిరుగుతాయా?”

చేతిలో బూటు, గోడకి ఆనించిన తల, నుదుటి మీద చెమట. పొద్దున తన కళ్లముందే జరిగింది. తను రొట్టె నములుతూ నీళ్లు తాగమంది. “తిరుగుతున్నాయి సార్.”

“ఏం చేస్తారు ఆయన?”

“స్కూలు బస్సు నడుపుతారు.”

మంచం మీది మేస్త్రి కూడా తల తిప్పి ఆమె వంక చూశాడు.

“ఇప్పుడెక్కడున్నారు?” అన్నాడు పెద్దసారు. ఆమె చెయ్యి ఫోన్ కోసం జేబులోకి వెళ్లింది. “చూడమ్మా, గుండెలోంచి రక్తం బయటికి పోయే తలుపు బిగుసుకుపోతే, సందులోంచి రక్తం ఒరుసుకుంటూ పోతుంది. నువ్వు విన్న గీర అదే. కళ్లు తిరగడం మొదలయ్యాక ఆ మనిషి ఎప్పుడు కూలిపోతాడో నేను చెప్పలేను, ఎవరూ చెప్పలేరు. ముందు ఆయన్ని ఆ బస్సు దింపు. వెళ్లు!”

నాన్నకి ఫోన్ చేస్తే ఎత్తలేదు. బస్సులో ఉన్నంతసేపూ ఫోన్ సంచిలోనే ఉండాలనేది ఆయన పెట్టుకున్న నియమం. అమ్మకి చేసింది.

“నాన్న వచ్చాడా?”

“ఇంకా రాలేదే. పొద్దుటి ట్రిప్పు అయ్యాక ఈపాటికి వచ్చేసి భోజనానికి కూర్చునేవారు. ఏం, ఎందుకలా ఉంది నీ గొంతు?”

“ఏం లేదు. వస్తున్నా.”

దొరికిన బండి ఎక్కింది. దారిలో ఎదురైన ప్రతి పసుపు బస్సు వంకా మెడ సాచి చూసింది. ఒక మలుపు దగ్గర జనం గుమిగూడి ఉంటే సీటులోంచి సగం లేచింది. తీరా చూస్తే ఎవరో పళ్లబండి వాడితో పోట్లాడుకుంటున్నారు.

ఇంటి మెట్ల మలుపులో దొరికాడు నాన్న. మెట్టు మీద కూర్చుని, ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, గాలి కోసం నోరు తెరిచి ఉన్నాడు. పెదాల్లో రంగు లేదు. కూతుర్ని చూడగానే నోరు మూసి నవ్వేశాడు.

“ఏంటి డాక్టరుగారూ, ఈ టైములో ఇంటికి? తరిమేశారా ఏం కొంపదీసి?”

ఆమె పక్కనే కూలబడి, మెడలో స్టెత్ తీసి, చొక్కా గుండీ విప్పబోయింది.

“ఇవాళ ఆదివారం కాదుగా!”

“మాట్లాడకు నాన్నా.”

ఎన్నేళ్ల తర్వాతో మొదటిసారి కబుర్లు చెప్పకుండా, కళ్లు గట్టిగా మూసుకుని విన్నది. ఛాతీ మీద విన్నది. మెడ మీద విన్నది. అక్కడా ఉంది. ఎప్పట్నించో అక్కడే ఉంది. ఆ మెడని చిన్నప్పట్నించీ కావలించుకుంటూనే ఉంది, ఒక్కసారైనా స్టెత్ పెట్టాలని తోచలేదు.

“ఎలా ఉంది నా ఇంజను?” అలవాటుగా అడిగాడు.

ఆమె స్టెత్ మెడలో వేసుకుంది. చెయ్యి పట్టుకుని, మెట్టు మెట్టుకీ ఆగుతూ పైకి తీసుకెళ్లింది. తలుపు తెరిచిన అమ్మ ఇద్దరి మొహాలూ చూసి, ఏమీ అడక్కుండా వెళ్లి పొయ్యి కట్టేసి వచ్చింది.

“మధ్యాహ్నం ట్రిప్పుకి నువ్వు వెళ్లకూడదు నాన్నా.”

“అదేం?”

“నీ గుండె బాలేదు.”

“ఆదివారమేగా సూపరన్నావ్?”

“తప్పు చెప్పాను.”

“ఆదివారం తప్పు చెప్పావా?”

“మొదట్నించీ తప్పే చెప్పాను నాన్నా.” వార్డులో జరిగింది జరిగినట్టు చెప్పింది. మేస్త్రి సంగతి, పెద్దసారు మాటలు, పరీక్ష ఈ రోజే చేయించాలన్న సంగతి. అమ్మ గోడ పట్టుకుని కుర్చీలో కూర్చుంది.

నాన్న ముందు నవ్వాడు. తర్వాత గడియారం చూసుకున్నాడు. “సరే, చేయించుకుంటా. ఈ ఒక్క ట్రిప్పు తిప్పేసి వస్తా. పిల్లలు బడి గేటు దగ్గర ఎండలో నించుంటారు. కొత్తవాడికి ఆ సందులు తెలియవు, బస్సులో అందరికన్నా చిన్నదాన్ని ఏ ఇంటి దగ్గర దింపాలో తెలియదు.”

“ఒక్కటి కూడా వద్దు.”

“సాయంత్రం నువ్వెక్కడికి రమ్మంటే అక్కడికొస్తానన్నాను కదమ్మా!”

“వద్దన్నానా!” అరిచేసింది. “స్టీరింగ్ ముందు కూర్చున్నప్పుడు కళ్లు తిరిగితే?”

నాన్నకి కోపం వచ్చింది. ఆయనకి కోపం రావడం ఆ ఇంట్లో అరుదు. లేచి నిలబడ్డాడు. నిలబడ్డానికి కుర్చీ చెయ్యి పట్టుకోవాల్సొచ్చింది. “నా ఉద్యోగంలో బండికి ఒక్క గీత పడనివ్వలేదు నేను. పొద్దున సూపరు, మధ్యాహ్నానికి పనికిమాలినవాణ్ణి అయిపోయానా? నీ మాటల్లో ఏది నమ్మమంటావ్? పొద్దుటిదా, ఇప్పటిదా?”

నిజమే మరి, ఇన్నేళ్లూ తప్పు చెప్పిన నోరే ఇది. ఈ నోటితో ఎంత మొత్తుకున్నా ఏం లాభం? మెడలోంచి స్టెత్ తీసి ఆయన ముందు పెట్టింది.

“నా మాట నమ్మొద్దు నాన్నా. నీ చెవిని నమ్ము.”

ఆయన చెవుల్లో తనే పెట్టింది. రెండో కొస తీసుకెళ్లి అమ్మ ఛాతీ మీద ఆనించింది. గిలిగింతలని ఎన్నేళ్లుగానో తప్పించుకు తిరిగిన ఆవిడ ఈసారి కదల్లేదు.

నాన్న తల పక్కకి వంచాడు, పొద్దున్నే ఇంజను వినేటప్పటిలాగే. మెల్లగా మొహం విప్పారింది. “అబ్బో! టక్ టక్, టక్ టక్. లోపల ఇంత బుద్ధిమంతురాలివా నువ్వు?” అన్నాడు. “పైకి అంత గోల చేస్తావు గానీ!”

అమ్మ కళ్లనిండా నీళ్లు పెట్టుకుని “చాల్లెండి” అంది.

కూతురు స్టెత్ కొసని నాన్న ఛాతీ మీదకి మార్చింది. ఆయన వేళాకోళం అక్కడితో ఆగిపోయింది. విన్నాడు. కళ్లు కిందకి దించి మళ్లీ విన్నాడు. తనే చేత్తో స్టెత్ తీసుకెళ్లి అమ్మ మీద పెట్టి విన్నాడు, మళ్లీ తన మీద పెట్టుకుని విన్నాడు. వీధిలో ఎవరో హారన్ కొడుతున్నారు, ఎవరూ పట్టించుకోలేదు.

చెవుల్లోంచి స్టెత్ తీసేసి ఒళ్లో పెట్టుకున్నాడు. “ఇలాంటి చప్పుడు చేసే బండిని నేను షెడ్డులోంచి బయటికి తియ్యను,” అన్నాడు.

తర్వాత గోడ వంక చూస్తూ చెప్పాడు. “పోయిన వారం దారిలో చెట్టు కొమ్మ అడ్డం పడింది. బండి ఆపి, దిగి, లాగి పక్కన పడేశాను. అంతే గుర్తుంది. కళ్లు తెరిచేసరికి రోడ్డు మీద పడి ఉన్నా. పిల్లలందరూ చుట్టూ నించుని ఉన్నారు. ఆ చిన్నది తన నీళ్ల సీసా నా మొహం మీద కుమ్మరిస్తోంది. తాత ఆట ఆడాడర్రా అని చెప్పా. నవ్వుకుంటూ ఎక్కేశారు.”

“ఎక్కేశాక?” అమ్మ గొంతు కీచుమంది.

“నడిపా. అందర్నీ ఇళ్ల దగ్గర దింపా.”

“అయ్యయ్యో! ఎంత పని చేశారండీ! ఎవరికీ చెప్పలేదేం? నాకెందుకు చెప్పలేదు?”

“భయం వెయ్యలేదే. నిజంగా భయం వెయ్యలేదు.” కూతురి వంక చూశాడు, తప్పు పట్టే చూపు కాదది. “అమ్మాయి బాగుందందిగా, ఎండదెబ్బే అయ్యుంటుందిలే అనుకున్నా.”

కూతురు నేల మీద కూర్చుండిపోయింది. తిట్టినా, కొట్టినా ఓర్చుకునేదేమో. ఆయన అంత నమ్మకంగా చెప్పిన ఆ మాటని ఎలా ఓర్చుకోవాలో ఆమెకి తెలియలేదు. బస్సు నిండా పిల్లలు. వాళ్ల అమ్మానాన్నలు. ఎదురుగా వచ్చే బళ్లు. వీటన్నిటికీ నాన్నకీ మధ్య ఉన్నది, ఆదివారం పూట తను ఊరికే అనేసిన ఆ “సూపర్” ఒక్కటే.

అప్పుడు లేచింది అమ్మ, ఇద్దరి మీదా.

“ఆయన నీ చెవిని నమ్మారు. నువ్వూ నీ చెవినే నమ్ముకున్నావు. నా కళ్లని ఎవరు నమ్మారే ఈ కొంపలో? ఈయన మెట్ల మీద ఆగడం నేను చూశాను. పక్క మీద దిండ్లు పేర్చుకుని పడుకోవడం నేను చూశాను. చూపించుకోండి చూపించుకోండి అని నెత్తీనోరూ బాదుకున్నాను. చదువు లేనిది, దీనికేం తెలుసని నవ్వుకున్నారు ఇద్దరూ. నవ్వండి ఇప్పుడు. నవ్వండి!”

చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నాన్న ఆవిడ భుజం మీద చెయ్యి వెయ్యబోతే విదిలించి కొట్టింది.

ఆయన సంచిలోంచి ఫోన్ తీసి షెడ్డుకి చేశాడు. “సూపర్‌వైజరు గారూ, మధ్యాహ్నం వేరేవాణ్ణి పంపండి. బండి బాగానే ఉంది. పాడైంది నేను. చిన్నదాని ఇల్లు నీలం గేటు దాటాక ఎడమవైపు, అది మాత్రం చెప్పండి వాడికి.” ఫోన్ పెట్టేశాక కాసేపు దాన్ని చేతిలో పట్టుకునే కూర్చున్నాడు.

సాయంత్రానికే పరీక్షలో తేలిపోయింది. ఆ తలుపు దాదాపు మూసుకుపోయే ఉందని, మార్చేదాకా మంచం దిగడానికి వీల్లేదని చెప్పి, ఆస్పత్రిలోనే ఉంచేశారు. పరీక్ష చేసిన డాక్టరు తెర వంక చూస్తూ “ఈ గుండెతో బస్సు నడిపారా?” అని రెండోసారి అడిగాడు. అక్కడే నించున్న కూతురు ఆ మాట విని వరండాలోకి వెళ్లిపోయింది.

ఆపరేషన్ రోజు దాకా అమ్మ కూతురితో అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడలేదు. భోజనం పెట్టేది, తిన్నాక కంచం తీసేది. కూతురు స్టెతస్కోపు బీరువా అరలో పడేసింది. వార్డులో గుండె వినాల్సొస్తే పక్కవాళ్లని వినమనేది. ఒకసారి పెద్దసారు కంటపడింది. “తప్పు విన్న చెవి అని దాన్ని మూసేసుకుంటావా?” అన్నాడాయన. మేస్త్రిని కూడా అదే ఆపరేషన్‌కి తీసుకెళ్లారు. ఆయన తిరిగి ఆ మంచానికి రాలేదు. మంచం మీద కొత్త దుప్పటి పరిచి ఉండటం ఆమె చూసింది, ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. చెప్పకపోయినా ఆమె మొహం చూసి అమ్మకి ఏదో అర్థమైపోయింది.

ఆపరేషన్ పొద్దున నాన్నని స్ట్రెచర్ మీద పడుకోబెట్టారు. ఆకుపచ్చ గౌనులో చిన్నవాడైపోయినట్టున్నాడు. ఆస్పత్రి మనిషి తలుపు దగ్గర ఎదురు చూస్తున్నాడు. కూతురు కాళ్ల దగ్గర దుప్పటి సర్దుతోంది, పైకి చూడట్లేదు.

అప్పుడు అమ్మ చేతిసంచి తెరిచి స్టెతస్కోపు బయటికి తీసింది. బీరువా అరలోంచి తెచ్చింది. కూతురి మెడలో తనే వేసింది.

“విను,” అంది.

“నా వల్ల కాదమ్మా.”

“నువ్వు కాకపోతే ఇంకెవరు వింటారే? ఇన్నేళ్లూ విన్నదానివి, ఈ చివరిసారి సరిగ్గా విను.” కూతురి మెడలో గొట్టం సర్దింది. “విని, బాగుందని చెప్పి పంపించవే. నీ మాటంటే ఆయనకి ధైర్యం.”

నాన్న గౌను ముడి తనే విప్పుకున్నాడు. “ఎలా ఉంది డాక్టరుగారూ నా ఇంజను?”

ఆమె వంగి విన్నది. చప్పుడు, గీర, చప్పుడు. తను ఈ లోకంలో మొదటిసారి విన్న గుండె. ఇంకాసేపట్లో దాన్ని ఆపేస్తారు. మళ్లీ మొదలవుతుందో లేదో ఎవరికీ తెలియదు. సూపర్ అనాలని నాలిక చివరిదాకా వచ్చింది. అమ్మ కళ్లు అదే అడుగుతున్నాయి.

“బాలేదు నాన్నా,” అంది. చెంపల మీంచి నీళ్లు జారి ఆయన ఛాతీ మీద పడ్డాయి. “అస్సలు బాలేదు. అందుకే తీసుకెళ్తున్నారు.”

నాన్న ఆమె తల మీద చెయ్యి పెట్టాడు. చాలారోజుల తర్వాత ఆయన మొహంలో ఆ పాత నవ్వు కనిపించింది. “ఇప్పుడు నిజంగా ధైర్యంగా ఉందమ్మా,” అన్నాడు. స్ట్రెచర్ కదిలింది. తలుపులు మూసుకున్నాక తల్లీకూతుళ్లు ఆ వరండాలో ఒకే బల్ల మీద కూర్చున్నారు. ఎప్పుడు పట్టుకుందో గానీ, కూతురి చెయ్యి అమ్మ ఒళ్లో ఉంది. పొద్దెక్కింది, మధ్యాహ్నమైంది, ఎండ బల్ల మీంచి గోడ మీదకి పాకింది. లోపల్నించి ఎవరూ రాలేదు.

చివరికి లోపలికి పిలిచారు. నాన్న నిద్రలో ఉన్నాడు. ఒంటినిండా గొట్టాలు, పక్కన మిషన్లు. కూతురు తెర మీది అంకెలు చూస్తోంది, చెయ్యి అలవాటుగా మెడలో స్టెత్ వైపు వెళ్లింది. అమ్మ ఆ చేతిని పట్టుకుని ఆపింది.

“ఉండు. ఏదో చప్పుడు.”

ఆవిడ వంగి, ఆయన గుండె దగ్గరగా చెవి పెట్టింది. లోపల అమర్చిన కొత్త లోహపు తలుపు తెరుచుకుంటూ మూసుకుంటూ, చేతి గడియారంలాగా సన్నగా టిక్ టిక్‌మంటోంది. ఏ గొట్టమూ అక్కర్లేకుండా, ఒట్టి చెవికి వినిపిస్తోంది.

“అది కొత్త తలుపు చప్పుడమ్మా,” అంది కూతురు. “ఇక ఎప్పుడూ అలా వినిపిస్తూనే ఉంటుంది.”

“ఎప్పుడూనా?”

“ఎప్పుడూ. గదిలో నిశ్శబ్దంగా ఉంటే పక్కనున్నవాళ్లకి వినిపిస్తుంది.”

అమ్మ కళ్లు మూసుకుని ఇంకాసేపు విన్నది. ఇన్నాళ్ల కోపం, భయం, ఏడుపు అన్నీ ఒక్కసారి వదిలినట్టు పెద్దగా ఊపిరి తీసుకుని, చెవి అక్కణ్ణించి తియ్యకుండానే కూతుర్ని దగ్గరికి లాక్కుంది.

“అమ్మయ్య,” అంది. “ఇక మీ ఇద్దర్నీ నేను అడగక్కర్లేదు. నాకే వినిపిస్తోంది.”